దాలమ్మత్త లాఖ్ బీమా

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో దాలమ్మత్త గురించి ఒక మాట చెప్పుకునేవారు. లాఖ్ రూపాయలకు బీమా చేయించుకుని, తన కొట్టు తనే తగలబెట్టుకుందట. మంచి సరుకంతా ముందుగానే బుట్టలో సర్దుకుని, మిట్టమధ్యాహ్నం కాకముందే తాళం వేసుకుని వెళ్ళిపోయిందట. తిరిగొచ్చి, కాలిపోయిన కొట్టు ముందు నిలబడి, ఏడవాల్సింది పోయి "అమ్మయ్య" అందట.

ఈ మాటను నేను కుళాయి దగ్గర మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ బిందె నిండకుండానే ఇంటికి వచ్చేశాను. నలుగురిలో నోరు తెరిచి కాదని చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ఇది జరిగి ఇప్పటికి ఐదేళ్ళయింది. మొన్న ఆవిడే అంది. "నువ్వు మాటాడవు గాని రాస్తావు కదే గుంటా. రాసీ. నా పేరు కూడా ఎట్టీ" అని. అందుకని రాస్తున్నాను.

దాలమ్మత్త మాకు చుట్టం కాదు. నిమ్‌పురాలో మా గది పక్క గదిలో అద్దెకుంటుంది. ఆవిడ పెనిమిటి నూకయ్య మామ రైల్వే వర్క్‌షాపులో టర్నరు. వాళ్ళది విశాఖపట్నం వైపు, లక్కబొమ్మలు చేసే ఊరు. పగలంతా వర్క్‌షాపులో మోటారుతో తిరిగే లేత్ మీద ఇనుము తరిగేవాడు. ఇంటికొచ్చాక పెరట్లో తాతల నాటి తరిమెన మీద కర్ర తరిగేవాడు. ఆ తరిమెనకు మోటారు లేదు. కర్రకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, ఇంకొకరు ఉలి పట్టాలి. ఇద్దరు లేకపోతే ఆ పని లేదు. తాడు లాగేది దాలమ్మత్త, ఉలి పట్టేది మామ. మామ పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, మంచం కన్నా ముందు తరిమెనని బండి మీద వేయించుకుని మా పక్కకి వచ్చింది.

వచ్చిన వారానికి ఉలి తను పట్టుకుంది. ఆడవాళ్ళు ఉలి పట్టడం వాళ్ళ ఊళ్ళో లేదట. "మా ఊరు ఇక్కడ నేదు కదా, ఎవుడు సూత్తాడు" అంది. తాడు లాగడానికి మనిషి కావాలి. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ మంచాన పడింది. బడి మానేసి ఇంట్లోనే ఉన్నాను. మాట్లాడక్కర లేని పని ఏదైనా నాకు ఇష్టమే. అలా తాడు నా చేతికి వచ్చింది.

కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ దానికి ఆనించాలి. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి, కర్రకు రంగులా పట్టుకుంటుంది. పైన మొగలి రేకుతో ఒత్తితే మెరుగు వస్తుంది. పొయ్యి అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. ఆవిడ చేసేవి ఎక్కువగా లక్కపిడతలు. అంటే ఆడపిల్లల ఆటసామాను. బొటనవేలంత పొయ్యి, దాని మీదికి గిన్నె, గరిటె, రోలు, రోకలి, తిరగలి, కూజా. ఖరగ్‌పూర్‌లో ఏ తెలుగువాళ్ళ ఇంట ఆడపిల్ల నడక నేర్చినా ఆవిడ బుట్ట ఒకటి ఆ ఇంటికి వెళ్ళేది. దసరా పూజల రోజుల్లో బెంగాలీ వాళ్ళూ కొనేవారు.

గోల్‌బజార్ వెనక వరుసలో, వెదురు తడికలతో కట్టిన తొమ్మిది కొట్లలో ఆవిడది ఒకటి. పక్కది గాజుల చిట్టెమ్మది. రెండు కొట్ల మధ్య నీడలో గొడుగులు బాగుచేసే సూసన్న కూర్చునేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడే, దాలమ్మత్త తడికకు తల ఆనించి నిద్రపోయేవాడు. నేను వారానికి రెండు మూడు రోజులు సరుకు మోసుకుని వెళ్ళి, లోపల ఒక మూల కూర్చునేదాన్ని.

బీమా మాట తెచ్చింది గోపాలం పంతులుగారు. రైల్వే అకౌంట్సు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో కొడుకు క్వార్టర్లో ఉంటూ, కలకత్తా కంపెనీ ఒకదానికి బీమా ఏజెంటుగా తిరిగేవారు. మనవరాలికి పిడతలు కొనడానికి వచ్చి, కొట్టు చుట్టూ ఒకసారి చూశారు.

"దాలమ్మా, లక్క అంటే నిప్పుకి నెయ్యి. నీ వెనకాల చూశావా? చాయ్ దుకాణం బొగ్గు పొయ్యి. తడికలేమో ఎండుటాకుల్లా ఉన్నాయి."

"సూసినాను పంతులుగారూ. నూకాలమ్మ తల్లి సూసుకుంటాది."

"చూసుకుంటుంది, నేను కాదనను. కాలిపోతే సరుకు కొనిపెడుతుందా? కంపెనీ కొనిపెడుతుంది. ఏడాదికి ఇంతని కట్టడం, నిశ్చింతగా ఉండడం."

చిట్టెమ్మ గాజులు తుడుస్తూ తుడుస్తూ ఆగింది. "ఓలమ్మో! కాలకముందే కాలిపోద్దని కాయితం రాసిచ్చీడవేటి? సుబమా అని బేరం సేసుకుంతంటే!"

"గొడుగు కొన్నంత మాత్రాన వాన పడుతుందా చిట్టెమ్మా?" అన్నారు పంతులుగారు.

సూసన్న కళ్ళు తెరవకుండానే, "పడదు బాబూ. అదే నా బాద" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే దాలమ్మత్త ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అడిగితే, "మీ మామ ఉలి పక్కన ఎప్పుడూ రెండో ఉలి ఎట్టుకునీవోడు. మొదటిది ఇరగలేదు. ఐనా ఎట్టుకునీవోడు" అంది.

ఫారం పంతులుగారే నింపారు. సరుకు ఏమిటన్న చోట ఇంగ్లీషులో మూడక్షరాలు రాసి, దాని పక్కన ఇంకేదో రాశారు. ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి కూడబలుక్కుని చదివాను. ఎల్, ఏ, సి. లక్క అన్నమాట. దాలమ్మత్త సంబరపడింది. "మరి! లాఖే గదా!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో బజారు భాష హిందీ. ఆ హిందీలో లక్కనీ లాఖ్ అంటారు, లక్షనీ లాఖ్ అంటారు. తెలుగువాళ్ళు వస్తే "లక్కపిడతలమ్మా" అని పిలిచే దాలమ్మత్త, మిగతావాళ్ళు కనిపిస్తే "లాఖ్ కా మాల్! అస్లీ లాఖ్ కా మాల్!" అని కేకేసేది. ఆ కేక బజారుకు అలవాటే. పాలసీ కాగితం వచ్చాక కేకకు తోక ఒకటి చేరింది. కొనేవాళ్ళు సరుకు మంచిదేనా అని అడిగితే, గర్వంగా గడ్డం ఎత్తి, "బీమా హై బాబూ! లాఖ్ కా బీమా!" అనేది. లక్క సామానుకు బీమా ఉందని ఆవిడ చెబుతోంది. వాళ్ళు లక్ష రూపాయల బీమా అని వింటున్నారు. ఒకళ్ళిద్దరు ఆవిడ చీర కేసీ, తడికల కేసీ చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోవడం నేను గమనించాను. ఎందుకో అప్పుడు నాకూ తట్టలేదు.

నిజానికి ఆ పాలసీ ఎనిమిది వందల రూపాయలది. ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, ఇంట్లో నూకాలమ్మ తల్లి పటం వెనక దాచుకుంది. బొట్టు సరిగ్గా ఎనిమిది వందల మీద పడింది.

మూడేళ్ళు కట్టింది. కట్టినప్పుడల్లా చిట్టెమ్మ వదిలేది కాదు.

"ఏటప్పా, ఈ ఏడూ కాలనేదా?"

"నీ నోట్లో నా ఉలి ఎట్ట!"

"నేనేటన్నాను? డబ్బులు కట్టినావు కదా, కాలకపోతే నట్టమే కదా అంతన్నాను!"

అది సరదాకి అన్న మాటే. కానీ మూడో ఏడు దాలమ్మత్త నవ్వకపోవడం చూశాను. ఆ ఏడు పూజలకి ప్లాస్టిక్ బొమ్మలు దిగాయి. బుట్టలు సగం మిగిలిపోయాయి.

కొట్లు కాలింది 1969లో, ఫాల్గుణ మాసం, మంగళవారం. ఆ రోజు పొద్దున్న దాలమ్మత్త నన్ను పిలిచి ఒక చిన్న పని చేయించుకుంది. ఆ పనేమిటో చివర చెబుతాను. తర్వాత పదకొండు గంటలకు కొట్టుకు తాళం వేసి, ఒక బుట్టెడు పిడతలు నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. చిట్టెమ్మ చూసింది. సూసన్న కూడా చూశాడు.

నేను ఇంట్లో అమ్మకు గంజి తాగిస్తున్నాను. వర్క్‌షాపు సైరన్ మోగింది. వేళకి మోగితే ఎవరూ పట్టించుకోరు. వేళ కాని వేళ మోగితే ఊరంతా బయటికి వస్తుంది. గోల్‌బజార్ వైపు పొగ లేచింది. నేను పరుగెత్తాను.

చాయ్ దుకాణం పొయ్యిలోంచి రవ్వ లేచిందట. గాలి దాన్ని తడికల మీద వేసింది. నేను వెళ్ళేసరికి వరుసంతా మండుతోంది. దాలమ్మత్త కొట్టు మంట మిగతావాటిలా లేదు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు లక్క కరిగి బొట్లు బొట్లుగా కారుతూ, బుస్సుమని మండుతోంది. రైల్వే నుంచి నీళ్ళ బండి వచ్చింది. అది వచ్చేసరికి ఆర్పడానికి బూడిదే మిగిలింది.

అప్పుడు వచ్చింది దాలమ్మత్త, రొప్పుకుంటూ, నెత్తి మీద బుట్ట లేకుండా. కొట్టు కేసి చూడలేదు. కొట్టు పక్కన నీడ ఉండే చోటు కేసి చూసింది. అక్కడ నల్లటి గొడుగు ఊచలు తప్ప ఏమీ లేవు. "సూసన్న ఏడీ? ఒరే సూసన్నా!" అని అరిచింది. జనంలోంచి, తడి కండువా నెత్తిన కప్పుకుని సూసన్న ముందుకొచ్చాడు. "ఉన్నాను దాలమ్మప్పా. ఏలకి మెలకువొచ్చీసినాది."

అప్పుడు అంది ఆవిడ, "అమ్మయ్య" అని. అని అక్కడే కూలబడింది.

దగ్గరున్న నలుగురమే ఆ పిలుపూ విన్నాం, ఆ జవాబూ విన్నాం. దూరంగా ఉన్నవాళ్ళకి "అమ్మయ్య" ఒక్కటే వినిపించింది.

తొమ్మిది కొట్లు కాలాయి. బీమా ఉన్నది ఒక్కదానికే. మాట పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? మంట అందరిదీ, బీమా ఒక్కరిదీ. నేను వాళ్ళని తప్పుపట్టలేను. చిట్టెమ్మ గాజులన్నీ ముద్దయిపోయాయి. ఆ ముద్దను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి పక్కవాళ్ళ మీద మంచి ఆలోచన ఎక్కడ వస్తుంది? "బుట్టట్టుకుని ముందే ఎల్లిపోనాది" అని మొదట అన్నది ఆవిడే. "లాఖ్ కా బీమా" అన్న కేకను మిగతావాళ్ళు దానికి జతచేశారు. నాలుగు రోజుల్లో అది కుళాయి దగ్గరికి వచ్చింది. వారంలో, పేరు లేని ఉత్తరంగా కలకత్తా వెళ్ళింది.

కంపెనీ మనిషి వచ్చి చూస్తే గాని డబ్బు రాదు. డబ్బు వస్తే గాని కొట్టు లేవదు. నెల తిరిగేలోగా కొట్టు వేసుకోని వాళ్ళ జాగా వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని బజారు పెద్దలు చెప్పేశారు. ఇక ఆ మనిషి గనక ఉత్తరాన్ని నమ్మితే డబ్బు మాట అటుంచి, పోలీసులు వస్తారని అందరూ అన్నారు. దాలమ్మత్త ఆ రోజుల్లో తరిమెన ముందు ఊరికే కూర్చునేది. కర్ర పెట్టేది కాదు. నేను తాడు పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. ఒక రోజు అంది.

"కంపెనీ బాబు వచ్చినప్పుడు బుట్ట ఎందుకు ఎల్లిందో సెప్పకే. ఒట్టు."

"తప్పేముంది అత్తా?"

"తప్పు నేదు. గాని నోట్లోంచి వచ్చీసిందంటే అయిపోనట్టే. ఒట్టెయ్యి."

తాడు మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

కంపెనీ తరఫున నందీ బాబు అనే సర్వేయరు వచ్చాడు. పొట్టిగా, కళ్ళద్దాలతో, చేతిలో తోలు సంచీతో. గోపాలం పంతులుగారు రిక్షా దొరక్క ఇంకా రాలేదు. నందీ బాబు బూడిద పక్కన సూసన్న వేసిన స్టూలు మీద కూర్చుని, సంచీలోంచి ఆ పేరు లేని ఉత్తరం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చుట్టూ కొట్లవాళ్ళంతా మూగారు.

"మాసీ," అన్నాడు హిందీలో, "మీ దుకాణంలో లాఖ్ కా మాల్ ఉందని అందరికీ చెప్పారట. నిజమేనా?"

"నిజమే బాబూ. లాఖ్ కా మాల్ థా."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "లాఖ్ కా?"

"లాఖ్ కాయీ. దూస్‌రా కుఛ్ నై." లాఖ్‌దే, ఇంకేమీ లేదు, అని.

జనం గుసగుసలాడారు. చిట్టెమ్మ నా పక్కనే ఉంది. "సూసినావా, ఒప్పీసుకుంది!" అంది.

"ఎంత లాఖ్?" అన్నాడు.

"దో సేర్. మహా అయితే రెండున్నర సేర్."

నందీ బాబు కలం ఆగింది. "లాఖ్... సేర్లలోనా?"

"మరి ఇంకెలాగ బాబూ? తూచే ఇస్తారు కదా."

"ఎవరు తూచి ఇచ్చారు?"

"బలరాంపూర్ వోళ్ళు. రైల్లో వస్తాది."

"బలరాంపూర్ వాళ్ళు మీకు లాఖ్ రైల్లో పంపిస్తారు," అని ఆయన నెమ్మదిగా, ఒక్కో మాటా రాసుకుంటున్నట్టు అన్నాడు. "వాళ్ళకెక్కడిది?"

"పేడ్ పే కీడా దేతా."

చెట్టు మీద పురుగు ఇస్తుంది, అని. ఆయన కలం మూసేశాడు. ఈ ముసలావిడకు కొట్టుతో పాటు బుర్ర కూడా కాలిపోయిందా అన్నట్టు చూశాడు. దాలమ్మత్తకేమో ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తెలియదేమిటని ఆశ్చర్యం. ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. చెప్పాలని నోరు తెరిచాను. చివరికి పమిట కొంగులో ముడి విప్పాను. అందులో పొద్దున్న తరిమెన దగ్గర దొరికిన ఎర్ర లక్క కడ్డీ ముక్క ఉంది. దాన్ని దాలమ్మత్త చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని ఆయన ముక్కు కిందకి చాపింది.

"యే దేఖో బాబూ. లాఖ్!"

నందీ బాబు దాన్ని తీసుకున్నాడు. తిప్పి చూశాడు. గోటితో గీకాడు. వాసన చూశాడు. ఉన్నట్టుండి మోకాలి మీద చరుచుకున్నాడు. "గాలా! ఆరే, ఎ తో గాలా!" బెంగాలీలో లక్కని గాలా అంటారు. లక్షని మాత్రమే లాఖ్ అంటారు. పాపం, ఆయన అప్పటిదాకా డబ్బు లెక్క అడుగుతున్నాడు.

ఆయన నవ్వుతుంటే కళ్ళద్దాలు జారిపోయాయి. సూసన్నకి హిందీ బాగా వచ్చు. వాడికి ముందు తెలిసింది. వాడు చిట్టెమ్మకు తెలుగులో విడమరిచి చెప్పాడు. చిట్టెమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

"అంటే లచ్చ కాదా? లక్కా?"

"లక్కే."

"ఓలమ్మో, నేను ఈదంతా లచ్చని సెప్పీసినాను కదరా!"

అప్పుడు పంతులుగారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. దాలమ్మత్త పాలసీ ముందు పెట్టింది. నందీ బాబు పసుపు మూలలు చూసి, బొట్టును గోటితో నెమ్మదిగా పక్కకి తోసి, ఎనిమిది వందలు అని పైకి చదివాడు. మూగినవాళ్ళలో సగం మంది అక్కడి నుంచి కదిలారు. లక్ష కాకపోతే వాళ్ళకి చూడడానికేముంది?

కానీ అయిపోలేదు. పంతులుగారు రాసి పెట్టిన సరుకు జాబితా ఆయన చదువుతున్నాడు. నలభై బుట్టల పిడతలు అన్న చోట దాలమ్మత్త ఆపింది.

"ముప్పై తొమ్మిది రాయండి బాబూ. ఒకటి ఆ పొద్దు నాతో ఎల్లిపోనాది."

ఒట్టు వేయించుకున్న మనిషి తనే బుట్టను తెచ్చి నడుమ పెట్టింది. తర్వాత అడిగితే, "కాలనిది కాలినాదని ఎలాగ సెప్పడం?" అంది, అంతే.

నందీ బాబు నవ్వు ఆపాడు. ఉత్తరం మళ్ళీ తీశాడు. "ఆ రోజు ముందే వెళ్ళిపోయారని దీంట్లో కూడా ఉంది. బుట్ట ఎక్కడికి వెళ్ళింది మాసీ?"

దాలమ్మత్త నేల చూపులు చూసింది. నేను సూసన్న గొడుగు ఊచలు లెక్కపెట్టాను.

"మా ఇంటికండీ," అన్నారు గోపాలం పంతులుగారు, ఇందులో దాచడానికేముంది అన్నట్టు. "ట్రాఫిక్‌లో మా క్వార్టరుకి. మా మనవరాలికి పిడతలు తెచ్చింది. నేను భోంచేసి పడుకున్నాను. లేపవద్దని చెప్పి, పదకొండున్నర నుంచీ వరండాలో కూర్చునే ఉందిట. మా ఆవిడ బాలాంబ మజ్జిగ ఇచ్చింది. సైరన్ మోగితే బుట్ట అక్కడే వదిలేసి పరుగెత్తింది. కావాలంటే వచ్చి మా ఆవిడ్ని అడగండి."

ఆయన వెళ్ళి అడిగాడు కూడా. బాలాంబగారు మజ్జిగ సంగతి చెప్పి, ఆయనకీ ఒక గ్లాసు ఇచ్చారట. రాసుకుని సంతకం పెట్టి, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆ ఎర్ర కడ్డీ ముక్క తన పిల్లకి చూపిస్తానని అడిగి పట్టుకెళ్ళాడు.

కొట్లు కాలిన ఇరవై రెండో రోజున కలకత్తా నుంచి చెక్కు వచ్చింది. పంతులుగారు దాన్ని తీసుకుని నిమ్‌పురాకు మొదటిసారి, చివరిసారి నడిచి వచ్చారు. దాలమ్మత్త దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం తరిమెనకు కర్ర బిగించింది. "లాగవే" అంది. చెయ్యి నొప్పెట్టేదాకా లాగాను. అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

కొట్టు మళ్ళీ లేచింది. ఈసారి తడికలు కాదు, రేకులు. కొన్ని రేకులు చిట్టెమ్మ వైపు కూడా వేయించింది. ఈసారి మధ్య గోడ ఇద్దరికీ ఒకటే కాబట్టి అని చెప్పింది. చిట్టెమ్మ రెండు రోజులు మాట్లాడకుండా తిరిగి, మూడో రోజు వచ్చి, "అప్పా, నా నోట్లో నీ ఉలి ఎట్టీ" అంది.

"ఉలి అరిగిపోద్ది. ఒద్దు," అంది దాలమ్మత్త.

కొట్టు తెరిచిన రోజు బాలాంబగారు రిక్షా దిగారు. ఒళ్ళో మన బుట్ట. మా వైపు ఒక ఆచారం ఉంది. ఎవరి గిన్నె అయినా, బుట్ట అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. అందులో చారెడు బియ్యమో, బెల్లంముక్కో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. బాలాంబగారు బుట్టలో తమలపాకులు, రెండు అరటిపళ్ళు, పసుపు కుంకుమ పెట్టారు. దాలమ్మత్త అందుకుంటుంటే నెమ్మదిగా అన్నారు.

"పిడతలు పిల్ల ఆడుకుంటోంది. అడుగున ఉన్నది నీదే, అలాగే ఉంచాను. మా ఆయనకి చూపించలేదు. ఇంకా ముందే ఇద్దును గాని, డబ్బు నీ చేతికి వచ్చాక ఇద్దామని ఆగాను."

దాలమ్మత్త తమలపాకులు ఎత్తింది. అడుగున నాలుగు మడతల కాగితం. అది నాకు తెలిసిన కాగితమే. మంటలు లేచిన రోజు పొద్దున్న ఆవిడ నా చేత చేయించుకున్న చిన్న పని అదే. ఇన్నాళ్ళూ మేమిద్దరం ఒకరితో ఒకరం చెప్పుకోకుండా భయపడింది దాని గురించే. పంతులుగారికి నోటితో చెప్పలేదు గాని కాగితమైతే ఆ ఇంటికి చేరిపోయింది కదా, అని. దాలమ్మత్త బాలాంబగారి రెండు చేతులూ పట్టుకుంది. ఈసారి "అమ్మయ్య" అన్నది పైకి వినిపించలేదు. పక్కనున్న నాకు తెలిసింది.

దాలమ్మత్త ఇప్పటికీ బీమా కడుతోంది. చిట్టెమ్మ కూడా కడుతోంది. సూసన్నకు బీమా లేదు గాని, నిద్ర మాత్రం ఇప్పుడు కొట్టు ముందు వైపు పోతున్నాడు. బెంగాలీ వాళ్ళు వస్తే దాలమ్మత్త "గాలార్ ఖేల్నా", అంటే లక్కబొమ్మలు, అని కేకేస్తుంది. గోల్‌బజార్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం ఆ పాత మాట ఎవరో ఒకరు ఇంకా చెబుతూనే ఉంటారు.

ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. నా దస్తూరీయే. "గోపాలం పంతులుగారికి దాలమ్మ నమస్కరించి వ్రాయించునది. మూడేళ్ళుగా బీమా కట్టినాను. ఏమీ కాలలేదు. ఇక కట్టలేను. కట్టినదానిలో మిగిలినది ఇప్పించి, నా బీమా ఆపు చేయించగలరు. అమ్మాయికి ఈ పిడతలు." కొట్టు కాలిన పూట దాలమ్మత్త ట్రాఫిక్‌లో ఆ వరండాలో కూర్చుని పంతులుగారు నిద్రలేవడానికి ఎదురుచూసింది, తన బీమా మానేస్తానని చెప్పడానికి.